దిమ్మిస కొట్టిన ఇసుక

"నీలం బయటికి వచ్చేసింది మామయ్యా."

కోడలు సలోమి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని మార్తకు అనిపించింది. అరిచే మనిషికి నచ్చజెప్పవచ్చు. ఇంత మెల్లగా మాట్లాడే మనిషి అప్పటికే ఏదో తేల్చేసుకుని ఉంటుంది.

పెరట్లోని ఇసుక దిబ్బకు బావి వైపు అంచున, కొత్తగా పరిచిన గడ్డి కింద నుంచి నీలపు నీళ్ళు సన్నగా కారుతున్నాయి. అవి బట్టలకు పెట్టే నీలిమందు కలిపిన నీళ్ళు. నిన్న సాయంత్రం మార్త భర్త జకర్యా తన చేత్తోనే రెండు పొట్లాలు కొత్త మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకులో కలిపాడు. ఈ పొద్దున చేతిపంపు నలభై సార్లు కొట్టి, ఆ నీళ్ళను దిబ్బ మీది గొట్టాల్లోకి ఎక్కించాడు. నీలం ఇసుకలోనే ఆగిపోవాలి. బయట చుక్క కూడా కనబడకూడదు.

కనబడితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. పోయిన ఆదివారం ఆరాధన నుంచి వచ్చి భోజనాలకు కూర్చున్నప్పుడు సలోమి చెప్పేసింది.

"ఈ పరీక్ష నెగ్గితే నా కాన్పు ఇక్కడే. నెగ్గకపోతే నేను బెజవాడ మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. మళ్ళీ రాను. ఈ బావి నీళ్ళు ఇంకో బిడ్డ నోట్లో పొయ్యను."

పోయిన వానాకాలంలో సలోమి పద్నాలుగు నెలల కూతురు ప్రేమమణి విరేచనాలు పట్టుకుని నాలుగు రోజుల్లో పోయింది. రజాకార్ల భయంతో బస్తీలు ఖాళీ అవుతున్న రోజులవి. మరుగుదొడ్డి ఎత్తేవాళ్ళు రావడం మానేశారు. పాత దొడ్డి గుంత నిండి, బండ పగుళ్ళ వెంట బావిలోకి దిగిందని డాక్టరు చెప్పేసరికి అంతా అయిపోయింది. బెజవాడ రైలు బండ్లు నడవక, సలోమి తల్లి మనవరాలిని ఆఖరిసారి చూడటానికి కూడా రాలేకపోయింది.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. బండ్లు నడుస్తున్నాయి. ఇప్పుడు జనవరి. సలోమికి ఐదో నెల.

జకర్యా దిబ్బ పక్కన గొంతుక్కూర్చుని తడిలో వేలు పెట్టి చూశాడు. ముప్పై ఏళ్ళు కంటోన్మెంటు పనుల్లో ఓవర్సీరుగా చేసి రిటైరైన మనిషి. నీలమైన ఆ వేలిని తుడుచుకోవడం కూడా మరిచి అలాగే గాలిలో పట్టుకున్నాడు.

"ఇది ఇసుకలోంచి దిగిన నీరు కాదు. దిగి ఉంటే ఇంత నీలం ఉండదు. పైన కంకరలోనే నిలిచి, దారి లేక పక్కకు పొర్లింది. ఇసుక నీళ్ళు తాగడం లేదు. ఎందుకు తాగడం లేదు?"

ఆ ప్రశ్న మేస్త్రీ భద్రయ్యకు. పని ముగిసిన రోజు నాలుగు మంచి మాటలు వినపడతాయని భద్రయ్య ఇవాళ ఉతికిన రుమాలు తలకు చుట్టుకుని వచ్చాడు.

"ఇసుక మంచిదే సాబ్. మూసీల కెల్లి తెచ్చిన దొడ్డు ఇసుక. మీరే జూసి మంచిగున్నదంటిరి."

"ఇసుక సంగతి నాకు తెలుసు. నువ్వేం చేశావో చెప్పు."

"నేనేం జేస్త సాబ్?"

అంతలో గోడ అవతల బాలమ్మ తల కనిపించింది. బావి రెండిళ్ళకూ ఉమ్మడిది. అటు ఆమె చేదుకుంటుంది, ఇటు వీళ్ళు.

"ఏందీ లొల్లి? గా నీలం నీళ్ళేంది? బాయి దిక్కే వస్తున్నయి గద!"

"ఆగు బాలమ్మా," అన్నాడు జకర్యా. "ఇవి ఉత్త నీళ్ళు. దొడ్డి ఇంకా వాడకంలోకి రాలేదు. పరీక్ష కోసం..."

"ఇయ్యాల ఉత్తయి. రేపు? రేపు మీ ఇంటిల్లిపాదిది మా బిందెలకొస్తది! నేను మొదట్నే అనలే? ఎవలన్న గుంత తీస్తరు. నేల మీద పియ్యి దిబ్బ లేపుకున్నోళ్ళను నేను యాడ జూడలే. మిల్ట్రోళ్ళు సుత గోడెక్కి చూసి పోయిరి, తుపాకులు పాతిపెట్టిండ్రేమో అని. తుపాకులే నయముండె గదనే అక్కా!"

చివరి మాట మార్తను చూసి అన్నది. వేరే రోజైతే మార్త నవ్వేదే. ఆ జవాన్లకు జకర్యా ఇంగ్లీషులో పావుగంట పాటు దిబ్బ మర్మం వివరిస్తే, వాళ్ళు సెల్యూట్ కొట్టి పారిపోయారు. ఆ కథ మార్త చర్చిలో పదిమందికి చెప్పింది. ఇప్పుడామె చీర కొంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

గుంత తీయడానికి ఆ నేలలో వీలు లేదు. రెండడుగులు తవ్వితే పరుపు బండ తగులుతుంది. కిందికి దారి లేని నీటిని పైకి ఎత్తాలన్నది జకర్యా ఆలోచన. నేలను తవ్వకుండా, వాలుకు అడ్డంగా నాగలితో దున్నించాడు. దాని మీద మోకాలెత్తు దొడ్డు ఇసుక, ఇసుక మీద కంకర, కంకరలో చిల్లుల మట్టి గొట్టాలు, పైన మన్ను, గడ్డి. ట్యాంకులో తేరిన నీటిని రోజూ రెండు విడతలుగా పంపుతో పైకి కొట్టాలి. అది ఇసుకలో మెల్లగా వడగట్టుకుంటూ దిగి, బండ మీది పలచని మట్టిలో పరుచుకుని ఆరిపోవాలి.

దీనికి ఒక్కటే నియమం. ఇసుక గుల్లగా ఉండాలి. దాని మీద బండి ఎక్కకూడదు, మనిషి తిరగకూడదు. కూలీలు చెక్క పలకల మీద నిలబడి ఇసుక పొయ్యాలి. ఈ మాట జకర్యా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. అన్నం వడ్డిస్తుంటే కూడా చెప్పాడు. "ఇదిగో మార్తా, ఇలా మెతుక్కు మెతుకు విడిగా ఉండాలి."

ఆయన గడ్డపార అందుకున్నాడు. దిబ్బ అంచున గడ్డి, మన్ను, కంకర తప్పించి ఇసుకలో గుచ్చాడు. గుల్ల ఇసుకలో గడ్డపార దాని బరువుకే దిగిపోవాలి. అది జానెడు దిగి ఆగిపోయింది. పైకెత్తి బలంగా వేశాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"దిమ్మిస కొట్టావు, ఇసుకను అణగ్గొట్టావు," అన్నాడు.

"కొట్టిన సాబ్," అన్నాడు భద్రయ్య. దాచాల్సిన సంగతి అని అతనికి ఆ క్షణం దాకా తెలియదు. "మీరు గొట్టాల కోసం బొల్లారం పోయిన మూడు దినాలు. నీళ్ళు జల్లుకుంట, నలుగురు మనుషులతోని కొట్టించిన. ఇల్లు లేపినా కదలది."

"ఇల్లు ఎవడు లేపమన్నాడురా!" జకర్యా గొంతు వీధి దాకా వినిపించింది. "వద్దని చెప్పానా లేదా? కాలు కూడా పెట్టొద్దని చెప్పానా లేదా? ఎవరు కొట్టమన్నారు నిన్ను?"

భద్రయ్య తలెత్తి మార్త వైపు చూశాడు.

మార్త తలెత్తలేదు.

అతను చూపు తిప్పుకుని, రుమాలు సర్దుకున్నాడు. "ఎవలు జెప్తరు సాబ్. మేస్త్రిని నేను. పునాదికి కొడ్తం, బండకు కొడ్తం. గీనికి సుత కొట్టిన. తెల్వక జేసిన."

"తెలియక కాదు. నలుగురికి మూడు రోజుల పని చూపించి కూలి దండుకోవడానికి కొట్టించావు. నేను ఊళ్ళో లేనని చూసుకుని! దొంగ పని!"

"సాబ్." భద్రయ్య గొంతు తగ్గింది. "బుద్ధి లేదనుర్రి. గాడిద అనుర్రి, పడ్త. దొంగ అనకుర్రి. గీ బోయిన్‌పల్లిల నలభై ఏండ్ల సంది పని జేస్తున్న. మా ఇంట్ల సుత గా మాట అన్నోళ్ళు లేరు."

"పో నా ముందు నుంచి!"

భద్రయ్య తాపీ, మట్టపలక తట్టలో వేసుకున్నాడు. గేటు దగ్గర ఒక్కసారి ఆగాడు. "పోయొస్తనమ్మా," అన్నాడు మార్తతో. అంతే.

ఆమె నోరు తెరిచింది. గేటు మూసుకుంది.

"మామయ్యా," అంది సలోమి, "గొట్టాలు పరిచేముందు మీరు గడ్డపార గుచ్చి చూడలేదా?"

"అప్పటికే కంకర పరిచేశాడు."

"కంకర తీసి చూడొచ్చుగా."

"నువ్వు నాకు పని నేర్పుతావా?"

"ఎవరో ఒకరు నేర్పాలిగా. పాత గుంతకూ బావికీ మధ్య బండ పగిలి ఉందని కూడా మీకు తెలియదన్నారు అప్పుడు."

జకర్యా గడ్డపార దిబ్బ పక్కన పడేశాడు.

"మీ అబ్బాయి రేపు కాజీపేట డ్యూటీ నుంచి వస్తారు. నేను మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయానని చెప్పండి," అని సలోమి లోపలికి వెళ్ళిపోయింది.

"మా ఆయినకు జెప్పి గీ దిక్కు కంప కొట్టిస్త," అంది బాలమ్మ దిగిపోతూ. ఆమె గొంతులో ఇందాకటి వేడి లేదు. "మా పొల్లలు సుత తాగుతరు గద అక్కా. నేనేం జెయ్యాలె?"

లోపల గదిలో సలోమి ఇనప్పెట్టె తెరిచి చీరలు సర్దుకుంటోంది. మార్త గుమ్మంలో నిలబడింది.

"ఒక్క రోజు ఆగమ్మా. అబ్బాయి వచ్చాక..."

"వచ్చాక ఏం చేస్తారు అత్తయ్యా? మిమ్మల్ని ఒకసారి చూస్తారు, నన్ను ఒకసారి చూస్తారు, బయటికెళ్ళి వరండాలో కూర్చుంటారు."

అది నిజమని మార్తకూ తెలుసు.

"మామయ్యగారు బాగుచేస్తారు. చేస్తానంటే చేసే మనిషే."

బయట జకర్యా తనలో తాను గట్టిగా మాట్లాడుకుంటున్నాడు. ఇసుకంతా తీసెయ్యాలి. కింద దున్నిన నేల కూడా అణిగిపోయి ఉంటుంది, మళ్ళీ దున్నాలి. మూసీ నుంచి కొత్త ఇసుక రావాలి. మూడు వారాలు.

"విన్నారా? మూడు వారాలు," అంది సలోమి. "ఇదీ ఐదు వారాల్లో అయిపోతుందన్న పనే. మూడు నెలలైంది. నాకు కోపం ఆయన మీద కాదు అత్తయ్యా. ఆయన కనీసం ఏదో ఒకటి చేస్తున్నారు. నాకు కోపం..."

ఎవరి మీదో చెప్పలేదు. పెట్టె అడుగున ఒక చిన్న గౌను ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టింది. మళ్ళీ లోపల పెట్టింది. మళ్ళీ తీసింది. అది చూడలేక మార్త వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. మార్త గరిటె పట్టుకుని నిలబడింది కానీ కలపలేదు. ఇంట్లోంచి మనుషులు వెళ్ళిపోవడం ఆమెకు కొత్త కాదు. వెళ్ళిన వాళ్ళెవరూ తలుపు కొట్టి, వెళ్తున్నామని చెప్పి, నీ వల్లే వెళ్తున్నామని అనలేదు. ఈసారి మాత్రం ఆ మాట అనే హక్కు సలోమికి ఉంది. ఆ మనిషికి ఆ సంగతి తెలియదు. భద్రయ్యకు తెలుసు. తెలిసీ దొంగ అనిపించుకుని, పోయొస్తనమ్మా అని వెళ్ళాడు.

అన్నం అడుగంటిన వాసన వచ్చింది.

జట్కా తుకారాం గేటు ముందు బండి ఆపేసరికి మార్త పెరట్లో ఉంది.

దిబ్బ అంచున మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డి పెళ్ళలు పీకి పక్కన పడేస్తోంది. మన్ను, కంకర చేతులతోనే తోడేసింది. గట్టిపడిన ఇసుక తగిలాక జకర్యా వదిలేసిన గడ్డపార తీసుకుని పొడవడం మొదలుపెట్టింది. ఆరు పదులు దాటిన మనిషి. ఒక్కో పోటుకు అరచేయంత పెళ్ళ కూడా లేవడం లేదు.

వరండాలో కాగితం మీద లెక్కలు వేసుకుంటున్న జకర్యా చప్పుడు విని పరుగెత్తుకొచ్చాడు.

"దిగు! దిబ్బ మీద నుంచి దిగు! ఎన్నిసార్లు చెప్పాలి, మోకాళ్ళ బరువు పడకూడదని! పలక వేసుకో!"

"ఇంకా ఏం పాడవుతుందండీ?" మార్త గడ్డపార ఆపలేదు. "మూడు రోజులు దిమ్మిస కొట్టించాను. నా మోకాళ్ళు ఎంత?"

"కొట్టించింది వాడు..."

"నేను. నేను కొట్టించాను."

జకర్యా నిలబడిపోయాడు. సలోమి పెట్టెను తుకారాం చేతికి అందించి గేటు దగ్గరే ఆగింది.

"మీరు బొల్లారం వెళ్ళిన రోజు పొద్దున్నే భద్రయ్యను పిలిచి చెప్పాను. ఓర్సీర్ సాబ్ వద్దన్నడమ్మా అన్నాడు. నేను చెబుతున్నాను కదా, ఎన్ని రోజులైనా సరే, కుంగకుండా కొట్టించు అన్నాను."

"ఎందుకు?" జకర్యా ముఖం నల్లబడింది. "మతి ఉందా నీకు? ఎందుకు చేశావీ పని? వాణ్ణి దొంగ అన్నాను నేను! నీ కళ్ళ ముందే అన్నాను! అప్పుడు నోరేమైంది నీకు?"

"రాలేదు."

"రాలేదట! రోజూ చెప్పానే! అన్నం తింటూ చెప్పాను, పడుకోబోతూ చెప్పాను, గుల్లగా ఉండాలని!"

"చెప్పారు. ఇసుక గురించి చెప్పారు." మార్త గడ్డపార కింద పడేసింది. ఇప్పుడామె గొంతులోనూ కోపం ఉంది, ఎక్కడ దాచుకుందో తెలియని పాత కోపం. "పాప పోయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో మీరు ఇసుక గురించి తప్ప ఇంకేమైనా మాట్లాడారా? ఇసుక, కంకర, వాలు! ఒక్కసారైనా దాని పేరు ఎత్తారా?"

జకర్యా చేతిలోని లెక్కల కాగితం కిందికి దించాడు.

"దాని సమాధి కుంగిపోయిందండీ. మట్టి చేసిన పది రోజులకే, పెద్ద వాన పడ్డాక. చూద్దామని వెళ్ళాను. మన్ను గుల్లగా పోశారు, నడుమ గుంట పడింది. అందులో నీళ్ళు నిలిచాయి. నేనే మట్టి తెచ్చి పోశాను. మళ్ళీ కుంగింది. మళ్ళీ పోశాను. వానలు వెనకబట్టే దాకా ఐదుసార్లు." ఆమె దిబ్బ వైపు చూడకుండా చెయ్యి చూపించింది. "ఇది నా కిటికీకి ఎదురుగా లేచింది. అదే ఆకారం, అదే వంపు, అదే గుల్ల మన్ను. వానకు ఇది కూడా కుంగితే, పొద్దున్నే లేచి చూడలేననుకున్నాను. అందుకు చెప్పాను. నీళ్ళు, బావి, ఏదీ గుర్తు రాలేదు."

జట్కా గుర్రం తల విదిలించింది. గంటలు మోగాయి.

సలోమి గేటు దగ్గర నుంచి నడిచి వచ్చింది. ఆమె ముఖం చూసి మార్త లేచి నిలబడబోయి, మోకాలు పట్టేసి మళ్ళీ కూర్చుండిపోయింది.

"వానాకాలమంతా మిమ్మల్ని అడిగాను," అంది సలోమి. "అత్తయ్యా, ఒక్కసారి తీసుకెళ్ళండి అని. ఊళ్ళో గొడవలన్నారు. బురద అన్నారు. నీ ఒళ్ళు ఇంకా కుదుటపడలేదు అన్నారు. అక్కడ ఎలా ఉంది అత్తయ్యా అని అడిగితే, బాగుంది, పూలు పెట్టి వచ్చాను అన్నారు."

"నువ్వు చూసి తట్టుకోలేవని..."

"నా బిడ్డ మీద ఐదుసార్లు మన్ను పోశారు. నన్ను ఒక్క పిడికెడు పోయనివ్వలేదు." ఇప్పుడు అరిచింది సలోమి. ఇన్ని నెలల్లో మొదటిసారి అరిచింది. బాలమ్మ పెరట్లో పిల్లల మాటలు ఆగిపోయాయి. "తట్టుకోలేనని మీకెవరు చెప్పారు? మా అమ్మ రాలేదు, ఆయన డ్యూటీలో ఉన్నారు, మామయ్య ఇసుక లెక్కలు వేసుకుంటున్నారు. నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. పక్క గదిలో ఉండి కూడా, మీరు ఒక్కరే వెళ్ళి ఏడ్చి వచ్చారు!"

మార్త తల వంచుకుంది. తిట్టినందుకు కాదు. అందులో తప్పు పట్టడానికి ఒక్క ముక్క కూడా దొరకనందుకు.

"సలోమీ," అన్నాడు జకర్యా, "ఆమెను ఇంక..."

"మీరు భద్రయ్య ఇంటికి వెళ్ళండి మామయ్యా. ఇప్పుడే వెళ్ళండి. కబురు పంపడం కాదు, మీరే వెళ్ళి, నలుగురి ముందూ తప్పు ఒప్పుకుని రండి. ఇక్కడ అరిచినంత గట్టిగా."

ఆయన కోడలి వైపు, భార్య వైపు చూశాడు. కోటు వేసుకోకుండానే, గేటు తెరుచుకుని, జట్కాను దాటుకుని వీధిలోకి నడిచాడు. ముప్పై ఏళ్ళలో కోటు లేకుండా ఆయన వీధిలోకి వెళ్ళడం మార్త ఎన్నడూ చూడలేదు.

సలోమి అత్తగారి చెయ్యి పట్టి లేపింది. పట్టుకోవడంలో మెత్తదనం లేదు.

"ఎక్కండి."

"ఎక్కడికమ్మా? నీ బండికి టైము..."

"ఎక్కండి అంటున్నాను."

"చేతులైనా కడుక్కుని..."

"కడుక్కోవద్దు. అలాగే రండి."

ఇద్దరూ జట్కా ఎక్కారు. ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో ఇనప్పెట్టె. తుకారాం పగ్గాలు పట్టుకుని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"అమ్మా, బండికి గంట సుత లేదు. టేసన్‌కే గద?"

"ముందు సమాధుల తోటకు పోనీ," అంది సలోమి.

"మరి పెట్టె? ఈడనే దించి పోవాల్నా, ఉంచాల్నా?"

మార్త కోడలి నోటి వైపే చూసింది.

"ఆమె అక్కడ నా బిడ్డ సమాధి నాకు చూపించాలి," అంది సలోమి, తుకారాంతోనే, అత్తగారి వైపు చూడకుండా. "చూపించాక చెప్తాను."